పెట్రోలు మూత మీద బొట్టు

చిన్నక్కా, ఇక్కడ నేనూ కులాసా, నువ్వు పంపిన తోట ట్రాక్టరు ఇంజనూ కులాసా.

ముత్తియాల్‌పేట మెకానిక్ పురుషోత్తమన్ కార్బురేటర్ మొత్తం విప్పి, కడిగి, కొత్త వాషర్లు వేసి బిగించాడు. అయినా ఇంజను కాసేపు నడిచి ఆగిపోయేది. చివరికి పెట్రోలు ట్యాంకు మూత వదులు చేస్తే ఆగకుండా నడిచింది. "ఏంది సార్, మూతలో గాలి పోయే బొక్కకి పసుపు మెత్తినారే!" అన్నాడు. ఏటా దసరాకి నువ్వు పొరమీద పొర పెట్టిన బొట్టే అది. ఈసారి స్టీరింగుకి పెట్టు.

మిరప నారుకి నీళ్లు సరిపోతున్నాయా? పాప కీర్తికి దగ్గు తగ్గిందా? ఇంజను లారీలో వేస్తున్నాను, దించడానికి మనుషుల్ని చూడు.

కార్బురేటర్‌ని కెలికి పాడుచేశాడని బావతో మాటలు మానేశావటగా. ఆయనకి నా నమస్కారాలు నువ్వే నోరు తెరిచి చెప్పు.

తమ్ముడు ఫణిధర్