ఒక మనిషికి సరిపడా మందు

రెబెకమ్మ బతికింది తమ్ముడూ, నా బిడ్డ బతికింది. ఈ పొద్దు కళ్లు తెరిచి, "నాయనా, ఆకలిగా ఉండాది" అంది. దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా నాకు తనివి తీరడం లేదు.

వేరుశనగ చేలో రక్తపింజరి కరిచింది. బండిలో ఆత్మకూరు చేర్చేసరికి డాక్టరమ్మ ఆసుపత్రిలో పాము మందు ఒక్క మనిషికి సరిపడానే మిగిలింది. దాన్ని రిజర్వు అంటారు. నెల్లూరు నుంచి కొత్త పెట్టె వచ్చేదాకా, విత్తనం గింజల మాదిరి, దాన్ని ముట్టుకోకూడదని అక్కడి కట్టుబాటు. నేను డాక్టరమ్మ కాళ్లు పట్టుకున్నాను. కాంపౌండరు మాల్యాద్రే, "దాచింది ఇట్టాంటి పొద్దుకే గదమ్మా, చూసుకునేదానికి కాదు" అని చెప్పి సూది వేయించాడు.

వానకు సంగం దగ్గర బస్సులు ఆగి పెట్టె రాలేదు. తెల్లారి, ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే మన వహాబ్ కొడుకును మోసుకొచ్చారు. వాడికీ పామే కరిచింది. వాడికి మందు లేదు. నా బిడ్డ పక్క మంచంలోనే పోయాడు. వహాబ్ నా చెయ్యి పట్టుకుని, "నీ బిడ్డయినా లేస్తాది గదా, పెద్దాయనా" అన్నాడు.

ఇకమీదట వానల నెలల్లో ముగ్గురికి సరిపడా ఉంచుతామని డాక్టరమ్మ అంటోంది.

ఈ సంతోషం అక్క శీనమ్మకు, సంగంలో బావకు, చిన్నమ్మ కొడుకులకు చెప్పు. వింజమూరులో మీ వీధిలోనే ఉన్న వహాబ్ అక్క రహీమాబీకి కూడా చెప్పాలి. మేనల్లుడు పోయిన సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. ఆఖరి మందు మన బిడ్డకు వేశారని ఇంకెవరో చెప్పకముందే నువ్వే పోయి చెప్పు.