మీ అక్క తీసెయ్యమన్న ఫోటో

దొరవారిసత్రం

ఫ్రెడ్డీ,

ఫోన్లో అడగలేక ఉత్తరం రాస్తున్నాను. సమాధుల పండుగలోపు మీ అక్క సమాధి రాయికి ఫోటో ఇవ్వాలి.

పోయినేడు శ్రీహరికోట రాకెట్ వెళ్లిన రోజు, మన కొత్త ఫోన్లలో ఎవరి కెమెరా గొప్పదో తేల్చుకుందామని మిద్దె మీద పందెం వేసుకున్నాం. రాకెట్ రెండింట్లోనూ తెల్ల చుక్కే. అందుకని మీ అక్కను పిట్టగోడ దగ్గర నిలబెట్టి చెరొక ఫోటో తీశాం. నా దాంట్లో ముఖం నున్నగా మెరిసింది. నీ దాంట్లో కళ్ల కింద నలుపు, గడ్డం మీద నూనె చింది కాలిన మచ్చ, అన్నీ పడ్డాయి. "ముసిల్దాన్ని చేసినావు గదరా, తీసెయ్" అని నిన్ను కసిరింది. గెలిచింది నేనేనని నీ చేత టీ పెట్టించాను.

నిన్న మళ్లీ రాకెట్ వెళ్లింది. ఒక్కడినే మిద్దె ఎక్కి చూశాను. తర్వాత నా ఫోటో తెరిచి, ఆ మచ్చ కోసం వేళ్లతో పెద్దది చేసుకుంటూ పోయాను. మచ్చ లేదు. ఇరవై ఆరేళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి అందులో లేదు.

అక్క మాట నువ్వెన్నడూ దాటలేదు. ఆ ఒక్కసారి దాటి ఉంటే, ఆ ఫోటో పంపు.

మీ బావ