రెండో గది ఎలుకల బెదురు, నా సెలవు

అయ్యా,

విషయం: రెండో గది ఎలుకలు జడుసుకొనుటకు కారణం, మరియు నా సెలవు మంజూరు గురించి.

డైరెక్టరు గారి సముఖమునకు ఎలుకల గదుల అటెండరు మనవి చేసుకొనునది ఏమనగా:

1. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే హార్మోనును మొదటి గది ఎలుకలకు రోజూ సూదితో ఎక్కించడమైనది. అది మెదడులోని రసాయనాలను మార్చివేయుటచే, తెరిచిన పెట్టెలో వదిలితే అవి నడుమకు రాక గోడనంటి నక్కుచున్నవి. రెండో గది వాటికి సూదిలో ఉత్త ఉప్పునీరే. అవి పెట్టె అంతా తిరగవలసి ఉండగా, ఇప్పుడు అవీ మూలకు చేరినవి. వాటి రక్తంలోనూ ఆ హార్మోనే పెరిగినదట. సూదులు తారుమారు చేశానని నన్ను సంజాయిషీ అడిగినారు.

2. సూదులు మారలేదు. మారినది నేను. కొత్త చెయ్యి తగిలితే ఎలుకలు బెదురునని రెండో గదిని నాకొక్కడికే అప్పగించినారు. ఆ కారణం చేతనే నా సెలవు చీటీ తిరుగగొట్టినారు. నా భార్య నెలలు నిండకముందే ఆస్పత్రిలో చేరినది. పోయినసారి బిడ్డ దక్కలేదు. ఆ గదికి కిటికీ లేదు, లోపలికి ఫోను తేరాదు. కబురు వచ్చిందో లేదో తెలియక నాకు ఊపిరాడదు. ఆ భయపు చెమట వాసనతోనే వాటిని పట్టుకొనుచున్నాను, ఆ వాసనకే అవి జడుసుకొనుచున్నవి.

3. మా సైంటిస్టు మేడమ్‌కు చెప్పుకొంటిని. "నువ్వు కదిలితే మన పనంతా బూడిదపాలే. పైగా పాపం, అవి బెంగపెట్టుకుంటాయి" అన్నారు. ఎలుక బెంగను కొలుచుటకు తమ వద్ద మిషను కలదు. నా బెంగ ఎవరికి పట్టింది?

4. ఈ సంగతి నా భార్యకు ఫోనులో చెప్పితిని, నవ్వుతుందనుకొని. "ఎలుకలు భయపడతాయని నిన్ను ఆపేశారా? మరి నాకూ భయంగా ఉందే" అన్నది. దీనికి సంజాయిషీ తమరే ఇప్పించవలెను.

కావున నన్ను చూసి కాకపోయినా, రెండో గది ఎలుకల మొహం చూసైనా సెలవు ఇప్పించి, కసురుకొనక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎలుకల గదుల అటెండరు

తా.క.: సార్, సంతకం పెడుతుంటే మా అత్తగారు ఫోన్ చేశారు. "బాబూ, ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తున్నారు. నువ్వొచ్చావా అని అడుగుతోంది" అన్నారు. నా లాకర్లో ఉతకని పాత చొక్కా ఒకటుంది, ఈ గొడవకి ముందుది. దాన్ని రెండో గది బోన్ల మీద పరిచి వెళ్తున్నాను. ఆ వాసనకి నేనున్నాననే అనుకుంటాయి. ఎలుకలకి నా చొక్కా చాలు. ఆవిడకి చాలదు.