పాలతో మింగిన మాత్ర

తమ్ముడు మునస్వామికి,
తప్పులు దిద్దుకుని చదువుకో.
తిరుపతి ఆస్పత్రిలో మీ వదినకు జ్వరం తగ్గలేదు. నెత్తురులో మందు ఎంతుందో కొలవాలని, నెత్తురు తేటనూ గొట్టం మాత్రలోని పొడినీ ఊదారంగు దీపం కింద పెట్టి చూశారు. మందుంటే పసుపుగా మెరుస్తుందట. పొడి మెరిసింది, నెత్తురులో ఆ వెలుగే లేదు. “మాత్ర దేంతో మింగిచ్చినావు తాతా?” అని డాక్టరమ్మ అడిగింది. “వేడి చేస్తాదని పాలతోనే గదమ్మా” అన్నాను. పాలు ఆ మందును ఒంటికి పట్టనీయవట. ఇప్పుడు నీళ్లతో ఇస్తున్నా, మీ వదిన నన్ను గుర్తుపట్టడం లేదు.
నీ మనవరాలు పంకజాక్షి జ్వరానికీ ఈ మాత్రలే కదా, నీళ్లతోనే వెయ్యి. కర్రావు ఈనిందా? బిడ్డ ఎంత ఏడ్చినా జున్ను పెట్టొద్దు. దానికి నా దీవెనలు. ఇన్నాళ్లూ దేంతో మింగించారో వెంటనే జాబు రాయి.
అన్న కుప్పయ్య