సోమవారం ఒక్కపొద్దు, వాసన లేని గ్యాసు

అక్కకు, బావకు తమ్ముడు ఓబులేసు చేతులెత్తి మొక్కి రాసేది. నేనిక్కడ బాగున్నాను. ఉత్తరం మొత్తం చదివాక కూడా బాగున్నాననే అనుకో. నందికొట్కూరులో వానలు పడ్డాయా? బావ జొన్న విత్తించాడా? చిన్నదానికి దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి? అమ్మకు నా ఉత్తరాలు చదివి వినిపించేదానివి నువ్వే కాబట్టి, ఇది మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువు. తర్వాత ఏది వినిపించాలో, ఏది మింగేయాలో నీ ఇష్టం.

పోయిన ఉత్తరంలో నువ్వు, “ఆడ జర్మనీలో నువ్వేం పని చేస్తాండావో ఈడ ఎవురికీ అర్థం కాలే” అని రాశావు. నాకు మాత్రం అర్థమైందా? ఇథిలీన్ అని ఒక గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ అని ఇంకొకటి. ఆ రెండింటినీ మందపాటి ఉక్కు పాత్రలో నీళ్లతో పాటు బిగించి వేడి చేస్తాము. ఊరికే పెడితే ఒకదాని ముఖం ఒకటి చూడవు. ఆ నీళ్లలో రవ్వంత నికెల్ ఉప్పు కలిపితే మాత్రం ఒకదాని పక్కన ఒకటి చేరి గొలుసు కట్టి తెల్లటి పొడి అవుతాయి. నికెల్ మన పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. సంబంధం కుదిర్చి, తను ఏ ఇంట్లోనూ ఉండిపోకుండా ఇంకో సంబంధానికి పోతుంది. ఆ పొడితో రేపు ఎన్నో వస్తువులు చేయొచ్చని మా ప్రొఫెసరు ఆశ. కానీ ఒకరోజు పొడి వస్తుంది, అవే కొలతలతో మరుసటి రోజు కంపు కొట్టే నూనె వస్తుంది. ఎందుకని అడిగితే ఆయన కూడా తల గోక్కుంటాడు.

నేను బయలుదేరేటప్పుడు అమ్మ మహానందిలో మొక్కుకున్న సంగతి నీకు తెలిసిందే. “నీ పేరుతో మొక్కుకుంటి. సోమారం సోమారం ఒక్కపొద్దు ఉండల్ల నాయనా. తిరిగొచ్చేదాకా ఆ సామే నిన్ను చూసుకుంటాడు” అంది. సరేనని అప్పటి నుంచీ ప్రతి సోమవారం పొద్దు గూకేదాకా పచ్చి గంగ ముట్టలేదు. ఎండాకాలంలో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటినా పొద్దు గూకదక్కా. ఈ సంగతి మొక్కేటప్పుడు అమ్మకు తెలియదు, స్వామికీ ఎవరూ చెప్పినట్టు లేదు. సాయంత్రానికి తల పగిలిపోయేది. ఒక్కపొద్దు తలనొప్పేలే అనుకొని పడుకునేవాణ్ణి.

ఇప్పుడు చలి మొదలైంది. నాతో పనిచేసే వెర్నర్ అనే జర్మన్, నా ఈడువాడే, పొద్దున రాగానే కిటికీ తెరుస్తాడు. మన కమలాపురం ఎండలో పెరిగిన ఒళ్లు కదా, అతను అటు తిరగగానే నేను మూసేస్తాను. పోయిన సోమవారం మధ్యాహ్నం అతను భోజనానికి పోయాడు. తినని వాడికి క్యాంటీనులో ఏం పని? కిటికీ మూసుకొని పాత్ర దగ్గరే కూర్చున్నాను.

పాత్రకు లోపలి ఒత్తిడి చూపే ముల్లు ఒకటి ఉంటుంది. లోపలి గ్యాసు పొడిగా మారేకొద్దీ అది కిందికి దిగుతుంది. ఆరోజు చకచకా దిగుతోంది. ఈసారి నికెల్ మన మాట విన్నదని పొంగిపోయాను. తల దిమ్మెక్కింది. కడుపు ఖాళీ కదా, రాత్రి ఇంత తింటే సర్దుకుంటుందిలే అనుకున్నాను. కాసేపటికి నేను జర్మనీలో ఉన్నానో కమలాపురంలో ఉన్నానో తెలియలేదు. లేవబోతే కాళ్లు రాలేదు. నువ్వు వంటింట్లో ఉన్నావనుకొని “అక్కా, రోంత నీళ్లియ్యి” అని పిలిచినట్టు గుర్తు.

వెర్నర్ తిరిగొచ్చి నన్ను నేల మీద చూసి, కిటికీ తెరిచి, చంకల కింద చేతులు వేసి ఆరుబయటికి ఈడ్చుకుపోయాడు. ఆసుపత్రిలో ప్రాణవాయువు పట్టించారు. ఇప్పుడు బాగున్నాను, మళ్లీ చెప్తున్నాను, బాగున్నాను. పాత్ర తెరిచి చూస్తే లోపల చిటికెడు పొడి కూడా లేదట. మూత బిగింపు వదులై గ్యాసంతా గదిలోకి కారిపోయింది. ముల్లు దిగింది అందుకు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసుకొని కుంపటి పెట్టుకుంటే మనుషులను తీసుకుపోయేది అదే.

అప్పటి నుంచి నా బుర్రంతా గందరగోళం. ఈ తలనొప్పుల్లో ఆకలిది ఎంత, గ్యాసుది ఎంత? ఒక్కపొద్దు లేకపోతే నేనూ క్యాంటీనులో ఉండేవాణ్ణి, ఇదేమీ జరిగేది కాదు. అమ్మకు చెబితే వెర్నర్‌ను సమయానికి పంపింది ఆ స్వామేనంటుంది. కాదనడానికి నా దగ్గర ఏముంది? ఒక పూట అది నిజమనిపిస్తుంది, ఒక పూట ఇది. ఇంత చదువు చదివి ఇదొక్కటి తేల్చుకోలేకపోతున్నాను.

ప్రొఫెసరు మాత్రం తేల్చేశాడు. మధ్యాహ్నం ఆ గదిలో ఒంటరిగా ఎవరూ ఉండకూడదు, ఖాళీ కడుపుతో అసలు అడుగే పెట్టకూడదు. కుదరదంటే నేను గాజు సామాను కడిగే గదికి మారాలట. ఆ పొడి ఎందుకు వస్తుందో, ఎందుకు రాదో తెలుసుకోవాలనే కదా ఇంత దూరం వచ్చాను. అందుకని అమ్మ చేత ఈ మొక్కు విడిపించక్కా. ఏం చేస్తే తీరుతుందో మహానందిలో పూజారిని అడగమను. గ్యాసు సంగతి మాత్రం ఎత్తొద్దు, తెలిస్తే రేపే ఓడ ఎక్కి వచ్చేయమంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే రోంత ఊరిబిండి పచ్చడి పంపు. ఇక్కడి తిండికి ఉప్పూ కారం ఉండవు.

నీ జవాబు వచ్చేలోపు ఎన్ని సోమవారాలు పోతాయో. ఈరోజూ సోమవారమే. మధ్యాహ్నం వెర్నర్ నా ముందర పళ్లెం పెట్టాడు, ఉడికించిన ఉర్లగడ్డలు, క్యాబేజీ. చెంచా పట్టుకొని మళ్లీ కింద పెట్టేశాను. మొక్కు తప్పితే దోషం తిన్న నాకా, మొక్కుకున్న అమ్మకా? అది తెలియక భయమేసింది. అందరూ తిని లేచేదాకా అట్లాగే కూర్చున్నాను. వెర్నర్ లేవలేదు. చివరికి తిన్నానక్కా. ఏడుపొచ్చింది, అయినా కడుపు నిండా తిన్నాను.

బావకు, మీ అత్తగారికి నమస్కారాలు. చిన్నదానికి ముద్దులు. అమ్మ పాదాలకు దండం పెట్టానని చెప్పు. మహానందిలో స్వామి ముందర నిలబడినప్పుడు, అమ్మను అడగకుండా తిన్నది కొడుకేనని నా పేరు పెట్టి చెప్పమను. ఏమైనా ఉంటే నా తలకే రావాలి, అమ్మ జోలికి పోకూడదు.

నీ దీవెన కోసం చూసే తమ్ముడు,
ఓబులేసు