ఎముక పిడి మీది మైనం

టాస్మేనియాలో హ్యూవన్ లోయలోని ఫ్రాంక్లిన్ కాపురస్థుడు, విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు అయిన లెస్టర్ పైబస్ అనే నేను, మనసు నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. జనవరిలో రాసినదాన్ని దీనితో రద్దు చేస్తున్నాను. కారణం నాలుగో అంశంలో ఉంది.

1. ఇల్లు, ఆపిల్ తోట, పనిముట్లు నా కూతురు రోనాకు చెందుతాయి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. తోట నా పేరున ఉన్నా పెంచింది నా భార్య నెరిడా. ఆ మాట కాగితాల్లో ఎక్కడా లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

2. పొరుగు తోట డగ్లస్ హాస్లమ్ ఎన్నో ఏళ్ళ కిందట అడిగి తీసుకెళ్ళిన మూడుకాళ్ళ నిచ్చెన ఇకమీదట చట్టప్రకారం అతనిదే. రోనా దాన్ని తిరిగి అడగకూడదు. ఆస్తి పొందుతున్నాడు కనుక సాక్షి సంతకానికి అతను పనికిరాడు. అలుగుతాడు. అలగనీ.

3. పళ్ళ షెడ్డులో నెరిడా పక్కన నిలబడి ఆపిల్స్ ఏరిన బెరిల్ ఓట్స్‌కు నెరిడా ఉన్ని చేతితొడుగులు. కుడిచేతి దానికి వేసిన మాసిక రంగు కలవలేదు.

4. కత్తి. హాస్లమ్ తండ్రి పోయాక జరిగిన సామాను వేలంలో నెరిడా కొన్న పాత మడతకత్తి. ఎముక పిడి జిడ్డుతో నల్లగా ఉండేది.

“వేలమంతా తిరిగి ఇదా తల్లీ నీకు దొరికింది? మా నాన్నే పారేద్దామనుకున్నాడు” అన్నాడు హాస్లమ్.

“నీ నోటికంటే శుభ్రంగానే ఉందిలే, డగ్” అంది ఆమె.

ఇంటికొచ్చి తుడిచింది. అప్పటినుంచి ఏటా వసంతంలో, అంటే ఇక్కడ సెప్టెంబరులో, ఆ కత్తితో చెట్లకు అంట్లు కట్టడం పూర్తయ్యాక, తుడుస్తూ వచ్చింది. కొమ్మ కోసినచోట పూసే మైనం పిడికి అంటుకునేది. అది మెత్తబడేదాకా పిడికిట్లో పట్టుకునేది. తర్వాత నూనెగుడ్డతో తుడిచి, పిడి మేకుల చుట్టూ పుల్లతో గీకేది. ఎముక పగులుతుందని వేడినీళ్ళు తగలనిచ్చేది కాదు.

కిందటి సెప్టెంబరులో తుడవలేదు. అంట్లు సగంలో ఉండగా ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. పిడి మీది మైనంలో ఆమె బొటనవేలి ముద్ర ఉండిపోయింది. దాన్ని ఎవరూ తుడవకూడదని, కత్తిని గాజుపెట్టెలో ఉంచాలని జనవరిలో రాశాను.

గత ఆదివారం రోనా కత్తిని కిటికీ దగ్గర పట్టి చూసింది. మైనం కింద చెమ్మ నిలిచి మేకు తుప్పు పట్టింది. ఎముక పైకి లేస్తోంది.

“నాన్నా, ఇలాగే ఉంచితే పిడి చీలిపోతుంది. ఈ తుప్పు అమ్మ చూసుంటే నిన్ను ఇంట్లోకి రానిచ్చేదా?” అంది.



కత్తి రోనాదే. పిడి నేనే తుడుస్తాను. ఈలోగా నేను పోతే రోనా తుడవాలి. గాజుపెట్టె అక్కర్లేదు. సెప్టెంబరుకు కత్తి తోటలో ఉండాలి. మిగిలిన అంట్లు కట్టాలి.

5. నన్ను నెరిడా పక్కన పాతిపెట్టాలి. ప్రసంగాలు వద్దు.

సవరణ: సాక్షుల కోసం ఎదురుచూస్తూ పిడి తుడిచాను. కనుక నాలుగో అంశంలో “ఈలోగా నేను పోతే రోనా తుడవాలి” అన్న వాక్యాన్ని కొట్టివేస్తున్నాను. మైనం మెత్తబడటానికి చాలాసేపు పట్టింది. నా చేతులు చల్లగా ఉంటాయి. ముద్ర ఉన్న చోటును అన్నిటికంటే చివర తుడిచాను. మేకు గట్టిగానే ఉంది.

పైదంతా చదివి, సరిచూసి, కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

2019 ఏప్రిల్ 9, ఫ్రాంక్లిన్.

(సంతకం) లెస్టర్ పైబస్

సాక్షులు:
మార్గోట్ ఫెన్, గ్రంథాలయ ఉద్యోగిని
కాలమ్ టైర్నీ, పడవల వడ్రంగి