ఈకొనియలో మీ అమ్మ లేచి నిలబడింది

కొన్యా, టర్కీ
12 అక్టోబరు 2025, ఆదివారం ఉదయం

ప్రభువు నందు ప్రియమైన కరుణమ్మకు,

నీ నాయన ఆనందరావు దీవించి వ్రాయునది. నంద్యాలలో బండెక్కింది మొదలు ఈ దినం వరకు దేవుడు మా ఇద్దరి మోకాళ్లనూ కాపాడాడు. ఆళ్లగడ్డలో నీవు, అల్లుడు అజయ్ కుమార్, పిల్లలు బాగున్నారని నమ్ముతున్నాను. మేము వచ్చేదాకా నీ దగ్గర వదిలిన తమ్ముడు స్టీఫెన్ ఎలా ఉన్నాడని అడగడానికి మాత్రం నోరు రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం నీవు ఫోన్ చేసి, "నాయనా, వాడు గిరగిరా తిరిగేది ఆపల్యా. తల గోడకు కొట్టుకుండాడు. మీరొచ్చేదాకా మధ్య గదిలో పెట్టి గొళ్లెం వేద్దామంటాండాడు మీ అల్లుడు, ఏం చేయమంటావ్" అని అడిగావు. సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది తల్లీ. మీ అమ్మ పక్కన ఉండగా మాట్లాడలేక ఈ కాగితం రాస్తున్నాను. ఫొటో తీసి పంపుతాను.

ఏడు సంఘాల యాత్ర అని బయలుదేరాం కదా, మన పాస్టరు నతానియేలు గారు బైబిల్లో పేరున్న ఊరేదీ వదిలేలా లేరు. పౌలును రాళ్లతో కొట్టబోయిన ఈకొనియ ఈ కొన్యాయేనట. ఎఫెసు మొదలుకొని ప్రతి శిథిలం దగ్గరా ముప్పైమందిమీ నిలబడి, నీ తమ్ముడు తిరగడం మానాలని ప్రార్థన చేశాం. మీ అమ్మ రాయించిన మొదటి మనవి అదే. ఇక్కడ టీలో పాలు పోయరు, కూరలో కారం వేయరు. ఆమె తెచ్చిన చెనిక్కాయల పొడితోనే సగం బస్సు బతుకుతోంది.

నిన్న సాయంత్రం గైడు, సూఫీల ప్రార్థన చూద్దురు రండని ఒక పెద్ద గుండ్రటి హాలుకు తీసుకుపోయాడు. చప్పట్లు కొట్టకూడదు, లేవకూడదు అని ముందే చెప్పాడు. పొడుగాటి టోపీలు పెట్టుకున్న ఇరవై మంది మగవాళ్లు వచ్చి, పైనున్న నల్ల బట్ట విడిచి, తెల్లటి అంగీలతో తిరగడం మొదలుపెట్టారు. కుడి అరచేయి పైకి, ఎడమది కిందికి, తల కొంచెం ఒక పక్కకు వాల్చి. ఆ తల వాల్చడం చూశాను కరుణమ్మా. మూడో ఏట నుంచి మన స్టీఫెన్ తిరిగేది అట్లే కదా! ముఖంలో అదే నెమ్మది. మనింట్లో దాన్ని జబ్బన్నాం, కొన్నాళ్లు దయ్యమన్నాం. ఇక్కడ వందల మంది దాన్నే ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

అందులో ఒక సన్నటాయన తిరుగుతూ మా వైపు అంచుకు వచ్చాడు. మీ అమ్మ చటుక్కున లేచింది. రెండు చేతులూ చాపి, "పడతాడు, పడతాడు, పట్టుకోండప్పా ఎవురన్నా" అంటూ మెట్లు దిగిపోతోంది. ఇరవై మూడేళ్లు గోడకూ కొడుక్కూ మధ్య నిలబడిన మనిషి, చేతులు ఊరుకుంటాయా? పాస్టరు గారు "మణెమ్మక్కా, కూర్చో" అన్నా వినలేదు. హాలు మనిషి ఒకామె వచ్చి చేయి పట్టుకొని కూర్చోబెట్టింది. తిరిగేవాళ్ల మధ్య నల్ల బట్టల్లో ఒక పెద్దాయన మెల్లగా నడుస్తున్నాడు. ఎవరూ ఎవరికీ తగలకుండా చూడడమే ఆయన పనట. బయటికి వచ్చాక మీ అమ్మ, "వీళ్లకు కాసుకునే మనిషిని పెట్టినారు, చూస్తివా? నాకు అరవై నాలుగొచ్చె. రేపు మన స్టీఫెన్‌కెవరు" అని అడిగింది. నేను బస్సు ఎక్కడుందో వెతుకుతున్నట్టు నటించాను.

ఇదంతా చూసి నాకేదో జ్ఞానోదయమైందనుకోకు. వాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకుంటారట. పక్కన వాయించే పిల్లనగ్రోవి ఆగితే వాళ్లూ ఆగి, వంగి నిలబడతారు. మనవాడికి ఆగడం తెలియదు. ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండల మీద పడితే తల పగులుతుంది, అల్లుడి భయం తప్పని అనను. ఇప్పుడే హోటల్లో ఆరాధన అయింది. వాడు ఆగాలని పాస్టరు గారు మళ్లీ ప్రార్థించారు, అందరూ ఆమేన్ అన్నారు. నాకు ఆ మాట రాలేదు. మరి ఏం అడగాలో కూడా తోచలేదు. ఇంత నిస్సహాయంగా ఎన్నడూ లేను తల్లీ.

గురువారానికి హైదరాబాదులో దిగుతాం. పిల్లలకు ముద్దులు. తమ్ముడికి పెరుగన్నంలో ఉప్పు వేయకు, తినడు.

ఇట్లు,
నీ నాయన
ఆనందరావు

తా.క.: గొళ్లెం సంగతి నన్ను అడగొద్దు, చెప్పే అర్హత నాకు లేదు. వాడి కుడి చీలమండ చుట్టూ ఉన్న మచ్చ నీతో చెప్పినట్టు నీ సైకిల్ చక్రంలో కాలు పడి వచ్చింది కాదు. నీవు కోయిలకుంట్ల హాస్టల్లో ఉన్న ఏడు, ఇంట్లో నలభై దినాల ఉపవాస కూటం పెట్టినప్పుడు, ప్రార్థనలో కదలకుండా కూర్చోవాలని నేనే వాడి కాలిని మంచం కోడుకు కట్టాను. మీ అమ్మ విప్పితే మళ్లీ కట్టాను. సెలవులకు వచ్చి నీవు, సైకిల్‌కు తాళం వేయకుండా పోయాను, తప్పంతా నాదేనని ఏడ్చి, దాన్ని అమ్మేయమన్నావు. నేను మారుమాట్లాడకుండా తీసుకుపోయి అమ్మేశాను.